టోక్యో ప్రయాణానికి ముందు

చిరంజీవి అమ్మలుకి, పెద్దనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని టోక్యో వెళ్తున్నావని తమ్ముడు చెప్పాడు. చాలా సంతోషం. చూడాల్సిన చోట్లు నువ్వు ఎలాగూ రాసిపెట్టుకునే ఉంటావు, వాటి జోలికి నేను పోను. అక్కడ మసలుకోవలసిన తీరు గురించే ఈ ఉత్తరం. ఆ ఊళ్లో మనం తప్పు చేస్తే ఎవరూ మందలించరు. కొంచెం పక్కకు జరిగి, తల దించుకుని ఊరుకుంటారు. అందుకే పది రోజులు తిరిగొచ్చినా ఎక్కడెక్కడ వాళ్లను ఇబ్బంది పెట్టామో మనకు తెలియదు. ముందే తెలుసుకుని వెళ్లాలి.

పెట్టెలు సర్దేటప్పుడే జాగ్రత్తపడు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసిన ఏదైనా సరే, సీలు వేసిన డబ్బాలో ఉన్నా జపాన్‌లోకి రానివ్వరు. పళ్లు, కూరగాయలు, పచ్చి ఆకులకు మొక్కల తనిఖీ ధ్రువపత్రం ఉండాలి కాబట్టి కరివేపాకు రెబ్బ కూడా పెట్టొద్దని మీ అమ్మకు చెప్పు. తమ్ముడి బీపీ, షుగర్ బిళ్లలు నెలకు సరిపడా మించకుండా, అట్టలు విప్పకుండా, డాక్టరు రాసిన చీటీతో కలిపి చేతిసంచిలో పెట్టు. అంతకు మించి కావాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ మామూలుగా వాడే జలుబు బిళ్లల్లో కొన్నిటిలో సూడోఎఫెడ్రిన్, కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటాయి. మోతాదు దాటితే అక్కడ అవి నిషిద్ధం. అలాంటివి ఇంట్లోనే వదిలెయ్యి.

ఇక్కడి రైస్ కుక్కర్ కూడా వద్దు. అక్కడి కరెంటు 100 వోల్టులే. మన 230 వోల్టుల కుక్కర్ దానిమీద ఐదో వంతు వేడి కూడా ఇవ్వదు, బియ్యం నానుతాయే గాని ఉడకవు. ఫోను ఛార్జర్ మీద 100–240 అని ఉంటే చాలు, రెండు చదును పిన్నుల అడాప్టర్ తగిలిస్తే పనిచేస్తుంది.

విమానం నరిటాలో దిగుతుందా, హనేదాలోనా అన్నది టికెట్టులో చూసుకో. హనేదా ఊళ్లోనే ఉంటుంది. నరిటా మాత్రం టోక్యో పక్కనున్న చిబాలో, ఊరి నడిబొడ్డుకు 60 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. పెద్ద పెట్టెల్ని విమానాశ్రయంలోనే ‘తక్యూబిన్’ కౌంటరులో అప్పగిస్తే మామూలుగా మర్నాటికి హోటల్‌కు చేరతాయి. ఆ రాత్రికి కావలసిన బట్టలు, మందులు మాత్రం చేతిలో ఉంచుకో. పొద్దున్న ఎనిమిది గంటల రైల్లో నాలుగు సూట్‌కేసులతో ఎక్కితే ఆ బోగీలో ఉన్నవాళ్లందరికీ కష్టమే.

ఇక రైళ్లు. మన మర్యాద ఎలాంటిదో తెలిసేది అక్కడే. సుయికా కార్డు మనిషికొకటి తీసుకో. ఎక్కిన స్టేషను అందులో నమోదవుతుంది, దిగేచోట దాన్నిబట్టి ఛార్జీ కోస్తుంది, కాబట్టి ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఆరేళ్లు నిండని పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే టికెట్టు లేదు, పెద్ద మనిషికి ఇద్దరి చొప్పున. బడికి వెళ్లే పిల్లలకు పన్నెండేళ్ల లోపు సగం ఛార్జీ. చాలామంది సబ్‌వే పాసు కొని, యమనోతె లైనులో ఎక్కబోయి గేటు దగ్గర ఆగిపోతారు. ఆ పాసు భూగర్భ రైళ్లకే చెల్లుతుంది. ఊరిని చుట్టి వచ్చే యమనోతె జేఆర్ సంస్థది, దాని లెక్క వేరు.

గేటు చేరకముందే కార్డు చేతిలోకి తీసుకోండి. వెనకవాళ్లు నడక వేగం తగ్గించకుండా వస్తుంటారు, అక్కడ నిలబడి సంచి వెతికితే వరసంతా ఆగిపోతుంది. గేటు మూసుకుంటే మళ్లీ మళ్లీ కార్డు ఆనించకు. పక్కకు తప్పుకుని చివర ఉద్యోగి కూర్చున్న గేటుకు వెళ్తే ఆయన చూసి సరిచేస్తాడు.

ప్లాట్‌ఫారం మీద నేలకు గీతలు గీసి ఉంటాయి. తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో దానికి ఇరుపక్కలా వరసలో నిలబడాలి, మధ్యదారి దిగేవాళ్లది. చివరి మనిషి దిగాక ఎక్కాలి. కిక్కిరిసిన రైల్లో నువ్వు తలుపు దగ్గర ఉంటే, నీ స్టేషను కాకపోయినా, ఒక్క క్షణం ప్లాట్‌ఫారం మీదికి దిగి, దారిచ్చి, మళ్లీ ఎక్కు. మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. దిగితే చోటు పోతుందని కడ్డీ పట్టుకుని నిలబడిపోతారు. అక్కడ అలా దిగినవాళ్లను ముందు ఎక్కనిస్తారు, భయం లేదు. వీపు సంచి ముందుకు తగిలించుకోవాలి. ఫోన్లో మాట్లాడకూడదు. స్పీకరు పెట్టి ఇంటికి వీడియో కాల్ చేయడం, పిల్లలకు చప్పుడుతో కార్టూన్లు పెట్టడం అసలే వద్దు. పొద్దుటి రద్దీలో కొన్ని బోగీలు ఆడవాళ్లకే కేటాయించి ఉంటాయి, గులాబీరంగు గుర్తు చూసి తమ్ముణ్ణి అటు ఎక్కనివ్వకు. ఎస్కలేటర్ మీద టోక్యోవాళ్లు ఎడమవైపు నిలబడతారు. ఒసాకా వెళ్తే కుడివైపు. అసలు నడవకుండా నిలబడి వెళ్లమని స్టేషన్లే చెబుతాయి కాబట్టి కడ్డీ పట్టుకుని కదలకుండా ఉండండి.

షింజుకు స్టేషనుకు 200కు పైగా దారులున్నాయి. ‘షింజుకులో దిగి కలుద్దాం’ అనుకుంటే కలవడం కష్టం. ఏ గేటు, ఏ నంబరు దారి అన్నది బయల్దేరే ముందే కాగితం మీద రాసుకో. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి సుమారుకి అయిపోతాయి. ఆ తర్వాత టాక్సీయే, రాత్రి పది నుంచి ఐదు వరకు ఛార్జీ ఎక్కువ. టాక్సీ వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు. నువ్వు చెయ్యి వెయ్యకు.

మీ అమ్మ భోజనం గురించి నాకు బెంగగా ఉంది. ‘మాంసం వద్దు’ అంటే చాలదక్కడ. ‘దషి’ అనే రసం మీదే వాళ్ల వంట నడుస్తుంది. ఎండబెట్టిన చేపను తరిగి, ఆ తరుగును నీళ్లలో వేసి తీసే సారం అది. మిసో సూప్‌లో, సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులో, పైకి ఉడికించిన కూరగాయల్లా కనబడే కూరలో కూడా ఉంటుంది. అడిగితే వడ్డించేవాళ్లు ‘మాంసం లేదు’ అంటారు, వాళ్ల లెక్కలో అది నిజమే. మాంసం, చేప, చేప దషి, గుడ్డు ఏదీ తినదని జపనీస్‌లో రాయించిన చీటీ అమ్మ చేతిలో ఉంచు. ఎడొగావా వార్డులోని నిషి-కసాయ్ దగ్గర మనదేశం వాళ్లు ఎక్కువ. మన హోటళ్లు, పప్పులు, మసాలాలు అక్కడ దొరుకుతాయి. అన్నం తినాలనిపిస్తే అక్కడికి తీసుకెళ్లు.

హోటల్లో కూర్చుంటే పెద్దవాళ్లు తలా ఒకటి ఆర్డరు ఇవ్వాలి. ఒక గిన్నె తెచ్చి నలుగురు పంచుకోవడం, సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీయడం మర్యాద కాదు. చాప్‌స్టిక్కుల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవాళ్ల ముందు పెట్టే పద్ధతి. ఒకరి పుల్లల్లోంచి ఇంకొకరి పుల్లల్లోకి ముక్క అందించకూడదు, దహనం తర్వాత అస్థికలు అలా అందుకుంటారు. మన ఇళ్లలోనూ కర్మలనాటి పనులు మామూలు వడ్డనలో చేయంగదా, పిల్లలకు అలా చెబితే ఇట్టే పట్టుకుంటారు. డబ్బు చేతికివ్వకుండా కౌంటరు మీది చిన్న పళ్లెంలో పెట్టాలి. టిప్పు ఇవ్వకు. మరిచిపోయి వదిలేశారనుకుని వెంటపడి తెచ్చిస్తారు.

వీధుల్లో చెత్తడబ్బాలు దాదాపు కనబడవు. 1995లో సబ్‌వేలో సారిన్ విషవాయువుతో దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. రెండు కవర్లు జేబులో ఉంచుకుని చెత్తంతా హోటల్‌కు తెచ్చుకోండి.

మెయిజీ జింగూ షింటో గుడి, అంటే జపాన్‌వాళ్ల సొంత మతానిది. టోరి ద్వారం దగ్గర కొంచెం వంగి, పక్కనుంచి నడవాలి, నడిమిదారి దేవుడిది. నీళ్ల తొట్టి దగ్గర గరిటెడు నీళ్లతోనే అన్నీ కావాలి: ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించడం, మళ్లీ ఎడమచెయ్యి, చివరికి గరిటె నిలువుగా ఎత్తి దాని కాడ. గరిటెకు నోరు ఆనించకూడదు. దర్శనానికి రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగాలి. అసకుసాలోని సెన్సో-జి బౌద్ధాలయం, అక్కడ చప్పట్లు లేవు, చేతులు జోడిస్తే చాలు. ఉయెనో చెరువు మధ్య ఉన్న బెంజాయితెన్ అంటే మన సరస్వతీ దేవే, అమ్మను తప్పకుండా తీసుకెళ్లు.

తాతామి చాప మీద చెప్పులే కాదు, ఇంట్లో తిరిగే స్లిప్పర్లు కూడా వేసుకోకూడదు. టాయిలెట్టులోకి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటిని అక్కడే వదలాలి. కడుక్కునే నీళ్లకు పక్కన బటన్లుంటాయి, ఆపడానికి చదరం గుర్తున్నది నొక్కు. గోడ మీది ఎర్ర బటను చాలాచోట్ల ఆపదలో పిలవడానికి, పిల్లలు దాన్ని నొక్కకుండా చూడు.

పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరే ఉండాలి, చట్టం అలా ఉంది. పోలీసుకు 110, అంబులెన్సుకు 119. హోటల్ పేరు, చిరునామా జపనీస్‌లో ఉన్న కార్డు అందరి జేబుల్లో ఒక్కోటి పెట్టు, చిన్నవాడి జేబులో కూడా. వాడు తప్పిపోతే ఆ కార్డు పట్టుకుని దగ్గరలోని ‘కోబన్’ పోలీసు గదికి వెళ్లమని విమానం ఎక్కకముందే రెండుసార్లు చెప్పించు.

ఇట్లు
మీ పెద్దనాన్న