టెక్ సందేహాలు: పాత సైకిల్‌కు పాస్‌వర్డ్ తగిలించాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. 1980ల నాటి స్టీల్ రోడ్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక 6 గేర్లు, 27 అంగుళాల చక్రాలు. డిస్క్ బ్రేకులు, వైర్‌లెస్ గేర్లు పెట్టించాలని ఉంది. ఏవి కొనమంటారు?

జవాబు: డిస్క్ బ్రేకుల మాట వదిలేయండి. ఎంతమందికి చెప్పినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తూనే ఉంది. ఆ ఫోర్క్‌కు డిస్క్ బ్రేకు బిగించే చోటే ఉండదు. వెల్డింగ్ చేయించినా, బ్రేకు వేసినప్పుడు పడే బలాన్ని ఆ సన్నటి గొట్టం ఓర్చుకోలేదు.

చక్రాలు మాత్రం మార్చండి. 27 అంగుళాల రిమ్ 630 మి.మీ., నేటి 700సి రిమ్ 622. అంటే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. కొత్త చక్రం బిగించి, బ్రేకు బోల్టు మధ్య నుంచి రిమ్‌పై రబ్బరు ఒత్తే చోటి మధ్య దాకా కొలవండి. 47-57 మి.మీ. మధ్య వస్తే లాంగ్ రీచ్ (పొడుగు చేతుల) డ్యూయల్ పివట్ బ్రేకులు సరిపోతాయి. పాత ఫ్రేముకు బయటి నట్టుతో బిగించే రకమే అడగండి.

వెనక ఫోర్క్ సందు 126 మి.మీ. ఉంటుంది, కొత్త హబ్‌కు (చక్రం మధ్య భాగం) 130 కావాలి. స్టీలు గనుక చెరో వైపు 2 మి.మీ. వంచవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో ఆ పని పెట్టుకోవద్దు. వంచాక ఒక డ్రాపవుట్ (చక్రపు ఇరుసు కూర్చునే గాడి) నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది ముందు గొట్టం) చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్ దాకా దారం బిగించి, సీట్ ట్యూబ్‌కు రెండు పక్కలా దూరం సమానంగా ఉందో లేదో చూడండి. చాలామంది ఈ పని చేయరు. తర్వాత గేరు కుదరడం లేదని డీరెయిలర్‌ను (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) తిడతారు.

పెడల్ చేతుల మధ్య ఇరుసు (బాటమ్ బ్రాకెట్) విప్పాల్సి వస్తే తొందర వద్దు. బ్రిటిష్ మర అయితే కుడి కప్పుకు (ఇరుసును పట్టుకునే మర బిళ్ల) ఎడమ మర ఉంటుంది, కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఇటాలియన్ ఫ్రేమైతే రెండూ మామూలు మరలే.

ఇక వైర్‌లెస్ గేర్లు. నన్ను కలవరపెట్టేది ఇదే. 2024లో నార్త్ఈస్టర్న్, కాలిఫోర్నియా శాన్ డియాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక పేరున్న వ్యవస్థ గేరు సిగ్నల్‌ను రేడియోతో రికార్డు చేసి, 10 మీటర్ల దూరం నుంచి తిరిగి పంపి గేర్లు మార్చేశారు. ఆ సందేశంలో సమయపు ముద్ర గానీ, ఒకసారి వాడితే చెల్లిపోయే సంకేతం గానీ లేదు. కారు రిమోట్ తాళాల్లో ఎప్పుడో తెలిసిన లోపమిది! తర్వాత తయారీ సంస్థ అప్‌డేట్ ఇచ్చింది. పాత సరుకు కొంటే ముందు ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఏ వెర్షనో చూడండి.

ఆ అప్‌డేట్‌కు ఫోన్ యాప్ కావాలి. 6 నుంచి 11 వరకు ఉన్న ఆండ్రాయిడ్ వెర్షన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి లొకేషన్ అనుమతి కూడా తప్పదు. స్క్రూ డ్రైవరు పట్టేవాడి చిరునామా ఏ స్క్రూకూ అక్కర్లేదు కదా! సైకిల్ కంప్యూటర్లూ అంతే. రైడ్ మ్యాప్‌ను యాప్‌లో బహిరంగంగా పెడితే గీత మొదలయ్యే చోటే మీ ఇల్లు, ఆ ఇంట్లో ఖరీదైన సైకిల్ ఉందన్న సమాచారం దొంగకు ఉచితం. ప్రైవసీ జోన్ (ఇంటి చుట్టుపక్కల దారిని దాచే సెట్టింగ్) పెట్టకుండా ఒక్క రైడ్ కూడా పంచుకోవద్దు.

నా సలహా: 8 గేర్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట), దానికి తగ్గ చైన్, కొత్త వెనక డీరెయిలర్. ఫ్రేమ్ మీది పాత ఫ్రిక్షన్ లీవర్లు అలాగే ఉంచండి, క్లిక్కులు లేవు గనుక 8 గేర్లకూ పనిచేస్తాయి. కేబుల్, దాని పై తొడుగు (కేసింగ్) మాత్రం రెండూ కొత్తవి వేయండి.