సమాధానం: కుండల కార్మిక సంఘం పుట్టింది 1824లోనా, 1906లోనా?

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుండల కార్మికుల సంఘం ఒకచోట 1824లో, మరోచోట 1831లో, ఇంకోచోట 1906లో పుట్టినట్టుందని, మీ ఉస్మానియా పరిశోధన వ్యాసంలో ఏది రాయాలో తేలడం లేదని అడిగారు. మూడూ సరైనవే, అవి వేర్వేరు సంఘాలు.

కార్మికులు సంఘం కట్టడాన్ని నేరంగా చూసిన చట్టాలు 1824లో రద్దు కాగానే మొదటిది ఏర్పడి, మరుసటి ఏటి సమ్మె విఫలం కావడంతో చెదిరిపోయింది. 1831 నాటిది 1836-37 సమ్మెలో దెబ్బతిన్నది. ఆ తగవు మూలం మీ వ్యాసానికి చాలా ముఖ్యం: యజమానులు ఏడాదికొకసారి ఒప్పందంతో పనివారిని కట్టిపడేసేవారు, పైగా ఆవం నుంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చిన పాత్రకే కూలి ఇచ్చేవారు కాబట్టి, కాల్చేవాడి పొరపాటుకు చేసేవాడు నష్టపోయేవాడు. 1840లలో మళ్లీ లేచిన సంఘం, యంత్రాల భయంతో, కార్మికుల పత్రిక సంపాదకుడు విలియం ఎవాన్స్ ప్రోద్బలం మీద కార్మికులను అమెరికాలోని విస్కాన్సిన్‌కు వలస పంపింది. ఆ పథకం (నా దృష్టిలో దారి తప్పిన ఆశ) కొద్ది ఏళ్లకే కుప్పకూలింది.

1906లో స్త్రీపురుషులిద్దరినీ కలుపుకొని ఏర్పడినదే 1919లో పేరు మార్చుకుని నిలదొక్కుకుంది. కనుక ప్రతి సంవత్సరం పక్కనా సంఘం పేరు రాయండి.

హైదరాబాదు కుమ్మరులతో పోల్చాలన్న మీ ఆలోచన మాత్రం సరిపడదు. సొంత సారెపై పనిచేసేవారికి బేరమాడవలసిన యజమాని ఉండడు. పింగాణీ కర్మాగారాల కూలీలను, 1926 నాటి భారత కార్మిక సంఘాల చట్టాన్ని పోలికకు తీసుకోండి.