జరాయువుపై పరిశోధన చేస్తానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. చిన్నమ్మాయి బి.ఫార్మసీ చివరి సంవత్సరంలో ఉంది. పెద్దమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, డాక్టరమ్మ ఇన్సులిన్ పెట్టింది. అక్కకు మాత్ర ఎందుకు ఇవ్వలేదని చిన్నది అడిగింది. అప్పటి నుంచి చిన్నది, తల్లి మింగిన మందు బిడ్డకు చేరకుండా జరాయువు (మాయ) లోని ప్రోటీన్లు ఎలా అడ్డుపడతాయో పరిశోధిస్తానంటోంది. అప్పు చేసి అమెరికాలో ఎం.ఎస్.కు పంపాలా, అమీర్‌పేటలో కోర్సులో చేర్చాలా, ఎం.ఫార్మసీ, పీహెచ్‌డీ అంటున్న ఆమె మాటే వినాలా? ఆడపిల్ల మాయ మీద చదువేమిటని బంధువులు అడుగుతున్నారు. పెళ్లి వయసు దాటుతుందని ఇంట్లో భయం.

జవాబు: అయ్యా, మీరు మూడు దారులను పోల్చమన్నారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది నలుగురు ఏమనుకుంటారో అన్న భయమే. ఇలాంటి ఉత్తరాలు నల్లగొండ, పాలమూరు వైపు నుంచి నాకు తరచుగా వస్తాయి. వాటిలో పిల్లకు ఆ విషయం ఎందుకు నచ్చిందో రాసే తండ్రులు అరుదు. మీరు రాశారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇన్సులిన్ అణువు పెద్దది కాబట్టి జరాయువును దాదాపుగా దాటదు. మాత్రల సంగతి వేరు. తల్లి రక్తంలో మునిగి ఉండే జరాయువు పైపొరలో పి-గ్లైకోప్రోటీన్, బి.సి.ఆర్.పి. అనే ప్రోటీన్లు ఉంటాయి. లోపలికి చొరబడిన కొన్ని మందులను అవి కణంలోని శక్తిని ఖర్చు చేసి తిరిగి తల్లి రక్తంలోకే తోసివేస్తాయి. జరాయువులో పి-గ్లైకోప్రోటీన్ లోపించిన ఎలుకలపై 1998లో వెలువడిన అధ్యయనంలో, ఒకే తల్లి కడుపులోని పిల్లల్లో ఆ ప్రోటీన్ పూర్తిగా లేనివాటికి అవర్‌మెక్టిన్ జాతి (పరాన్నజీవులను చంపే) మందు వల్ల అంగిలి చీలింది, అది పూర్తిగా ఉన్నవాటికి ఏమీ కాలేదు.

అయినా ఇది దాటరాని గోడ కాదని మీ అమ్మాయి గుర్తుంచుకోవాలి. గర్భిణుల షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర బిడ్డకు చేరదని 2000లో 404 మంది గర్భిణులతో జరిగిన అధ్యయనం తర్వాత చాలామంది నమ్మారు, ఎందుకంటే బొడ్డుతాడు రక్తంలో అది కనిపించలేదు. మరింత సూక్ష్మంగా కొలిచే పద్ధతులు వచ్చాక, 2009లో ప్రచురితమైన అధ్యయనంలో ఆ రక్తంలో దాని మోతాదు సగటున తల్లి రక్తంలోని దానిలో 70 శాతం దాకా ఉందని తేలింది. బి.సి.ఆర్.పి. ఈ మందును వెనక్కి తోస్తుంది, కానీ పూర్తిగా ఆపలేదు. పైగా నెలలు నిండే కొద్దీ జరాయువులో పి-గ్లైకోప్రోటీన్ తగ్గుతుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అయితే సులువుగా దాటిపోయి బిడ్డకు హాని చేయగలదు. అక్కకు మాత్ర ఎందుకు ఇవ్వలేదని అడిగిన పిల్ల పొద్దుపోక అడగలేదు, శాస్త్రం నిజంగా తడబడిన చోటనే అడిగింది.

ఇక ఉద్యోగం. జరాయువు ఒక్కదాని మీదే పనిచేసే ప్రయోగశాలలు మన దేశంలో తక్కువ, అది దాచను. కానీ ఈ రవాణా ప్రోటీన్లను కణాలపై పరీక్షించే నైపుణ్యం కొత్త మందు తయారుచేసే ప్రతి సంస్థకూ కావాలి. మందుల పరస్పర ప్రభావాలపై 2024లో ఖరారైన ఐ.సి.హెచ్. (మందుల నియమాలను దేశాల మధ్య సమన్వయం చేసే సంస్థ) ఎం12 అంతర్జాతీయ మార్గదర్శకం కూడా ఈ రెండు ప్రోటీన్ల పరీక్షను కోరుతుంది. బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో ఫార్మకాలజీ ఎం.ఎస్. చదివిన వారు మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ వైపు వెళ్లినా, పరిశోధన వైపు వెళ్లినా ఈ పని అక్కరకు వస్తుంది. పీహెచ్‌డీలో జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) దొరికితే నెలకు 37,000 రూపాయలు వస్తాయి కాబట్టి, మీరు భూమి అమ్మవలసిన అవసరం రాదు.

అమెరికా ఎం.ఎస్. విషయంలో నా సందేహాలు పెద్దవి. చదువు ముగిశాక ఓపీటీ అనే అనుమతి కింద అక్కడ పనిచేయడానికి 12 నెలలు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు గడువు ఉంటుంది. ఆపైన హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీని నమ్ముకోవాలి. ఫార్మసీ వాళ్లు ఎక్కువగా చేరే రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల వ్యవహారాలు) కోర్సుల్లో కొన్నింటికి ఆ స్టెమ్ అర్హత లేదు, అయినా ఏజెంట్లు ఆ ముక్క ఆఖరున చెబుతారు. ఎకరాలు తాకట్టు పెట్టి, బంధువుల ఫోటోలు చూసి తీసుకునే నిర్ణయం అది కాకూడదు. అమీర్‌పేట కోర్సులు చెడ్డవని అనను, మందుల పరీక్షల గణాంకాలు చూసే క్లినికల్ సాస్ సాఫ్ట్‌వేర్‌తో నిలదొక్కుకున్న వారున్నారు. కానీ ఇష్టం లేని పిల్లను అందులో కూర్చోబెడితే ఫీజు మీది, సంవత్సరం ఆమెది పోతాయి.

కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాను, మన్నించండి. ఆడపిల్ల మాయ మీద చదువేమిటన్న ప్రశ్నకు మీరు తలదించుకున్నారు, అది తప్పు. ఈతలో మాయ పడకపోతే బర్రె కోసం రాత్రంతా మేలుకునే ఊరు మనది. ఆ మాయ గురించి ఒక ఆడపిల్ల నేర్చుకుంటే సిగ్గెక్కడుంది? పెళ్లి సంబంధాలు రెండేళ్లు ఆగగలవు, నైపర్ సీటు ఆగదు.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా గ్లిబెన్‌క్లమైడ్ కథపైనే ఒక సమీక్ష రాయమనండి. రాసింది తెలుగులో మీకూ పెద్దమ్మాయికీ వివరించమనండి. విన్నాక ఇంకా సందేహం ఉంటే నాకు మళ్లీ రాయండి, ఈసారి ఆ ఉత్తరం ఆమెతోనే రాయించండి.