సుజాత ఏం చేసిందో రాయి

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మగపాత్రతో పాఠకులు ఇట్టే కలిసిపోతారు, ఆడపాత్ర దగ్గరికొచ్చేసరికి ఎందుకో దూరంగా ఉండిపోతారు అని అడిగావు. కారణం నీ రాతప్రతిలోనే ఉంది. రమణకి అప్పులు పెట్టావు, అబద్ధాలాడించావు, తమ్ముడి మీద కుళ్లు పెట్టావు. సుజాతకి ఓర్పూ అందమూ కన్నీళ్లూ ఇచ్చి ఊరుకున్నావు. ఓర్చుకునే మనిషిని చూసి జాలిపడతాం. వెంటపడి పేజీలు తిప్పేది మాత్రం ఏదో కావాలని తాపత్రయపడే మనిషి కోసమే.

ముందు కథను ప్రింటు తీసి, సుజాత చేసే పనులన్నిటి కిందా గీత గియ్యి. చూసింది, విన్నది, ఏడ్చింది, మౌనంగా ఉండిపోయింది. అన్నీ రమణ ఏదో చేస్తే ఆమె పడినవే. అడిగింది, దాచింది, అమ్మింది, ఎదురు చెప్పింది లాంటివి ఒక్కటీ లేవు. కథ మలుపు తిరగడానికి ఆమె నిర్ణయం ఒక్కటైనా కారణం కావాలి. అది పొరపాటు నిర్ణయమైతే మరీ మంచిది. అలాగని రాత్రికి రాత్రి వీరనారిని చేసెయ్యకు, అది ఇంకోరకం బొమ్మ అవుతుంది.

ఆమెకు పేజీలు పెంచమనీ అనడం లేదు. గురజాడ 'దిద్దుబాటు' (1910) మళ్లీ తీసి చూడు. కథంతా గోపాలరావు వైపు నుంచే నడుస్తుంది. భార్య కమలిని ఎక్కడా కనిపించదు, చివర్లో మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయంతే. అయినా వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టిందీ, దాక్కున్నదీ ఆమే. గోపాలరావు చేసేదల్లా కంగారుపడటం!

మన భాషతో ఒక చిక్కుంది, చాలామంది గమనించరు. ఉత్త "వచ్చాడు" అంటే మగమనిషని తెలుస్తుంది. "వచ్చింది" అంటే సుజాతా కావచ్చు, బస్సూ కావచ్చు, నిద్రా కావచ్చు. నీ మూడో పేజీలో సుజాత, ఆడపడుచు, పనమ్మాయి ఒకే గదిలో ఉన్నారు, ముగ్గురూ "ఆమె"లే. తలుపేసిందెవరో వెతుక్కునేలోపు సుజాత మనసులోంచి బయటికొచ్చేస్తాం. మొహమాటపడకుండా పేరే వాడు, పక్కపక్క వాక్యాల్లో వచ్చినా సరే.

సంభాషణల్లో సుజాత "మీరు", రమణ "నువ్వు" అంటున్నారు. చాలా ఇళ్లలో అంతే, మార్చొద్దు. కానీ తన నగలు తాకట్టు పెట్టాడని తెలిశాక కూడా ఆమె "ఏమండీ" అనే పిలుస్తోంది. అక్కడ ఆ "అండీ" తీసెయ్. అరపేజీ ఏడుపు దానంతటదే అనవసరమైపోతుంది.

ఆ తాకట్టు రసీదు దొరికే సీను మాత్రం మొత్తం తిరగరాయాలి. చొక్కా జేబులో దొరికింది, ఏడ్చింది అని ముగించావు. ఆమె చేత ఆ కాగితం పూర్తిగా చదివించు. ఎన్ని గ్రాములు, ఎంత వడ్డీ, గడువు ఎప్పటికి? చదివాక మళ్లీ జేబులో పెడుతుందా, తన దగ్గరే ఉంచుకుంటుందా, తాకట్టు కొట్టుకి వెళ్తుందా? అది తేల్చుకుని, ఆ ఒక్క సీనే ముందు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య