బిల్డు చోటు వేరు, బైనరీ చోటు వేరు

అమ్మాయీ, ఆశీస్సులు.

రిలీజుల బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. ముందుగా మీ రిపాజిటరీలో సోర్సు (మనుషులు రాసిన కోడు) పక్కన పేరుకున్న జార్, డీఎల్ఎల్ ఫైళ్ల సంగతి, అంటే కంపైల్ అయిన బైనరీల సంగతి చూడు. మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒకసారి చేరిన బైనరీని తర్వాత తొలగించినా చరిత్రలో ఉండిపోతుంది. అది చిన్న బాధే. దాన్ని ఎవరూ చదవలేకపోవడమే అసలు ప్రమాదం. సోర్సులో ఒక్క వరుస మారినా రివ్యూలో కళ్లబడుతుంది. బైనరీ మారితే మారిందని మాత్రమే తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు.

2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో జరిగింది ఇదే. టెస్టు ఫైళ్లంటూ చేర్చిన రెండు బైనరీల్లో దొంగ కోడు దాచారు. దాన్ని బయటకు తీసే బిల్డు స్క్రిప్టు (సోర్సు నుంచి ప్రోగ్రాం తయారుచేసేటప్పుడు నడిచేది) గిట్‌లో లేదు, 5.6.0, 5.6.1 విడుదలలను మూటకట్టిన టార్ ఫైళ్లలో మాత్రమే ఉంది. బిల్డు నడిచేటప్పుడు ఆ స్క్రిప్టు టెస్టు ఫైళ్లను విప్పి, అందులోని కోడును లైబ్రరీలో కలిపేసింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టు విడవకుండా తవ్వితే గానీ బయటపడలేదు. మీకూ టెస్టులకు బైనరీలు తప్పనిసరైతే, బిల్డు దశకు అవి కనిపించనే కూడదు. బిల్డు ముగిశాక టెస్టుల దశకు విడిగా అందించు.

బిల్డు డైరెక్టరీ సోర్సుకు బయట ఉండాలి. సోర్సును చదవడానికి మాత్రమే వీలుండేలా మౌంట్ చేసి ఒకసారి నడిపించి చూడు. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఏదో స్క్రిప్టు సోర్సులోకే రాస్తోందన్నమాట. చాలాసార్లు అది బిల్డు మధ్యలో పుట్టించే హెడర్ ఫైలే అయి ఉంటుంది.

విడుదలల మీద డిజిటల్ సంతకం చేసే రహస్య కీ బిల్డు యంత్రంలో ఉంచకు. అయితే సంతకం ఒక్కటే చాలదు. సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జరిగి 2020లో బయటపడిన దాడిలో కంపైల్ జరిగే కొద్దిసేపు సోర్సు ఫైలును మార్చి, పని కాగానే పాతది తిరిగి పెట్టేశారు. రిపాజిటరీ శుభ్రంగానే ఉంది, డీఎల్ఎల్ మీద కంపెనీ సంతకమూ ఉంది. అందుకని సంతకానికి ముందే, మొదటి యంత్రంతో సంబంధం లేని మరో యంత్రంలో అదే కమిట్‌ను (గిట్‌లో నమోదైన అదే సోర్సును) బిల్డు చేసి, రెండు ఫలితాల షా-256 విలువలు, అంటే ఫైళ్ల వేలిముద్రలు పోల్చు.

మొదటిసారి బహుశా కలవవు, బెంగపడకు. ఫైళ్లలో చేరిన తేదీలు, డైరెక్టరీ దారులే ఎక్కువగా కారణమవుతాయి. తేదీల సంగతి బిల్డుకు ఒకే తేదీ ఇచ్చే సోర్స్ డేట్ ఇపాక్ వేరియబుల్‌తో సర్దుకుంటుంది. మిగతా తేడాలు ఎక్కడున్నాయో డిఫోస్కోప్ అనే పోలిక సాధనం చూపిస్తుంది. ఆ నివేదిక నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న