మాజాంగ్ యాప్‌లో వచ్చు, ఆఫీసు వాళ్లతో టేబుల్ దగ్గర కూర్చోవాలంటే ఏ మర్యాదలు తెలిసుండాలి?

టోక్యోకి ఉద్యోగం మీద కొత్తగా వచ్చానని, ఫోన్‌లో రీచి మాజాంగ్ (నలుగురు టైల్స్‌తో ఆడే మాజాంగ్‌కి జపాన్ పద్ధతి) బాగానే ఆడతానని, ఈ శనివారం మేనేజర్‌తో సహా ఆఫీసు వాళ్లు మాజాంగ్ పార్లర్‌కి రమ్మన్నారని రాశారు. రూల్స్ వచ్చు, పరువు పోకుండా కూర్చోవడం ఎలా అన్నది మీ టెన్షన్. టోక్యోలోనే నిషి కసాయ్‌లో ఉంటూ ఇక్కడి వాళ్లతో చాలా ఏళ్లుగా ఆడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

యాప్‌లో నేర్చుకున్నవాళ్లకి బుర్రకి ఆట వస్తుంది, చేతులకి రాదు. టైల్ తీయడం, వేసినవాటిని వరసలో పేర్చడం, రీచి (ఒక్క టైల్ వస్తే గెలుపే అని ప్రకటించడం) చెప్పి పాయింట్ల కర్ర పెట్టడం, పాయింట్లు లెక్కగట్టడం అన్నీ యాపే చేసిపెడుతుంది. టేబుల్ దగ్గర అవి మీ చేతులు చేయాలి, ఆ చేతుల్ని ముగ్గురు చూస్తూ ఉంటారు. ఇక్కడి మర్యాదల్లో ముప్పాతిక వంతు రెండే విషయాల కోసం పుట్టాయి. మీ దగ్గర ఏముందో మాటతోగానీ మొహంతోగానీ బయటపెట్టకూడదు. మీరేదో మార్చేశారన్న అనుమానం ఎవరికీ రానివ్వకూడదు.

అందుకే ఒంటిచేతి పద్ధతి. బోర్లించి పేర్చిన టైల్స్ గోడలోంచి ఏ చేత్తో టైల్ తీశారో ఆ చేత్తోనే వేయాలి. కుడిచేత్తో తీసి ఎడమచేత్తో వేస్తే ఎవరూ ఏమీ అనకపోవచ్చు గానీ చూపులు అటే తిరుగుతాయి. మీకంటే ముందు వంతు వాళ్లు టైల్ వేయకముందే గోడ మీదికి చెయ్యి చాచకండి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. ఆ టైల్‌ని ఇంకొకరు పోన్ (నా దగ్గర అలాంటివి రెండున్నాయి, అది నాకు) అంటే మీ వంతే పోతుంది, అప్పటికే మీరు తీసి చూసేస్తే అదో గొడవ. డోరా (బోనస్ టైల్) ఏదో చూపించే చివరి 14 టైల్స్‌ని పనిలేకుండా ముట్టుకోకండి. బొటనవేలితో టైల్ అడుగున తడిమి, చూడకుండానే బొమ్మ చెప్పే ముసలివాళ్లు కొందరుంటారు. వేలి కింద గీతలు తెలుస్తున్నప్పుడు వాళ్ల కళ్లు సగం మూసుకుంటాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మీరు మాత్రం ప్రయత్నించకండి. ఆట నెమ్మదిస్తుంది, పైగా షో చేస్తున్నట్టు ఉంటుంది.

వేసిన టైల్స్‌ని మీ ముందు వరసకి ఆరు చొప్పున, వేసిన క్రమంలోనే పేర్చాలి. ఇది అందం కోసం కాదు. మీ చేతిని ఊహించడానికి మిగతావాళ్లకి ఉన్న ఆధారం ఆ వరసే. మీరు ఎదురుచూస్తున్న టైల్‌ని మీరే ఇంతకుముందు వేసి ఉంటే రోన్ (వేరేవాళ్లు వేసిన టైల్‌తో గెలుపు) చెప్పే హక్కుండదు కదా, ఆ లెక్క తేలేదీ అక్కడే. హాంకాంగ్ పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు టైల్స్‌ని మధ్యలోకి కుప్పగా విసిరేస్తుంటారు. అక్కడ అది సహజం, ఇక్కడ కుదరదు.

ఇక నోటి సంగతి. మనవాళ్లకి అసలు ఇబ్బంది ఇక్కడే. మన రమ్మీ టేబుల్ మీద సగం సరదా మాటల్లోనే ఉంటుంది. ముక్క విసురుతూ సెటైర్ వేయడం, జోకర్ రాలేదని దేవుణ్ని తిట్టడం, పక్కవాడు ఎత్తిన ముక్క మీద కామెంటరీ, షో అయ్యాక "నాకూ ఒక్క ముక్కే తక్కువ" అని చేతిలో ముక్కలు పరిచి చూపించడం. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, రమ్మీలో చెయ్యి తిరిగినవాడు, మాతో పాటు పార్లర్‌కి వచ్చాడు. ఎదుటావిడ నాలుగు వెదుళ్ల బొమ్మ ఉన్న టైల్ వేయగానే తొడ మీద కొట్టుకుని "అయ్యో, ఇది కాస్త ముందు వచ్చుంటేనా!" అన్నాడు. అన్నది తెలుగులోనే. అయినా ఆ చప్పుడుకి అర్థం ముగ్గురికీ తెలిసిపోయింది. ఆ టైల్ చుట్టుపక్కల అతనికి ఏదో తేలిపోయిందని తెలుసుకుని, ఆ రౌండ్ అంతా ఆవిడ వెదుళ్లు ధైర్యంగా వేసుకుంటూ పోయింది. నష్టం అతనికి ఒక్కడికే అయితే ఫర్వాలేదు. మూడోవాడికి దక్కాల్సిన టైల్స్, మూడోవాడి అంచనాలు కూడా దాంతో తారుమారవుతాయి. అబద్ధపు నిట్టూర్పులైతే ఇంకా తప్పు, వాటిని ఇక్కడ షామిసెన్ (తీగల వాద్యం) వాయించడం అంటారు. వాతావరణం, బేస్‌బాల్, ఆఫీసు కబుర్లు ఎన్నైనా చెప్పుకోండి. చేతిలో టైల్స్ గురించి, టేబుల్ మీద టైల్స్ గురించి మాత్రం రౌండ్ అయ్యేదాకా ఒక్క మాట వద్దు. రౌండ్ అయ్యాక కూడా "అది ఎందుకు వేశారు?" అని అడగకండి. వాళ్లంతట వాళ్లే చెబితే వినండి.

దీనికి చుట్టమే తటపటాయింపు. ఎవరో టైల్ వేశారు, మీరు పోన్ అందామా వద్దా అని ఒక్క క్షణం చెయ్యి ఎత్తి దించేశారు. మీ దగ్గర ఆ టైల్ జత ఉందని టేబుల్ అంతా చదివేసింది. అలా జరిగితే "షిత్సురెయ్" (మన్నించండి) అని చిన్నగా అనేసి ముందుకెళ్లండి. నా పద్ధతి చెబుతాను. నా వంతు రాకముందే ఏ టైల్ వస్తే అడగాలో, ఏది వస్తే వదిలేయాలో తేల్చుకుని కూర్చుంటాను. అడగాల్సి వస్తే ముందు నోరు, తర్వాత చెయ్యి. చీ (వరస కోసం అడగడం), పోన్, కాన్ (ఒకేలాంటివి నాలుగు) ఏదైనా గట్టిగా చెప్పాకే మీ టైల్స్ తెరవాలి. చీ చెప్పినప్పుడు వెంటనే లాక్కోకండి, ఇంకెవరైనా పోన్ అంటే వాళ్లదే పైచెయ్యి.

రీచికీ ఒక వరస ఉంది. ముందు "రీచి" అని స్పష్టంగా చెప్పాలి, తర్వాత టైల్‌ని అడ్డంగా తిప్పి వేయాలి, దాని మీద ఎవరూ రోన్ అనకపోతే ఒక ఎర్ర చుక్క ఉన్న 1,000 కర్రని ముందు పెట్టాలి. యాప్‌లో ఒక్క బటన్‌తో అయిపోయే పని కాబట్టి చాలామంది కర్రని మర్చిపోతారు, లేదా కంగారులో కర్రే ముందు పెడతారు. టైల్‌ని టేబుల్‌కేసి బాదడం సినిమాల్లో బాగుంటుంది. చాలా పార్లర్లలో స్టాఫ్ వచ్చి వద్దని చెబుతారు.

గెలిచినప్పుడు "రోన్" లేదా, మీరే తీసిన టైల్‌తో గెలిస్తే, "త్సుమో" అని చెప్పి, టైల్స్‌ని గుంపులుగా సర్ది తెరవండి. త్సుమో అయితే తీసిన టైల్‌ని మిగతావాటిలో కలపకుండా విడిగా పక్కన పెట్టండి, ఏ టైల్‌తో గెలిచారో అందరికీ కనిపించాలి. లెక్క రాకపోతే సిగ్గుపడక్కర్లేదు. "తెన్సూ ఒనెగాయ్ షిమాసు" అంటే వాళ్లే లెక్కగట్టి చెబుతారు, సంతోషంగానే చెబుతారు. తెలియని లెక్కని తెలిసినట్టు చెప్పడమే చిరాకు తెప్పిస్తుంది. పాయింట్లు ఇచ్చుకునే పక్షంలో మీరుంటే, ఎదుటివాళ్లు 3,900 అనగానే "హై" అని బదులు చెప్పి కర్రలివ్వండి. 5,000 కర్ర ఇస్తే 1,100 వెనక్కి తీసుకోవాలి. ఓడినప్పుడు మొహం ముడుచుకుని కర్రలు విసిరితే ఆ ఒక్క పని చాలా రోజులు గుర్తుంటుంది. పాయింట్ల లావాదేవీ పూర్తయ్యేదాకా ఎవరి టైల్సూ చెరపకండి. అనుమానమొస్తే చూసుకోవడానికి ఏమీ మిగలదు. గెలవకుండా గెలిచానని చెప్పేస్తే చోంబో, దానికి జరిమానా ఉంటుంది. ఎంతన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మొదలుపెట్టే ముందే అడిగేయండి.

ఆటోమేటిక్ టేబుల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 136 టైల్స్‌నీ అదే కలిపి గోడ కట్టి పైకి తెస్తుంది. అందరూ టైల్స్ మధ్యలోకి నెట్టాకే బటన్ నొక్కండి. కాఫీ, టీ టేబుల్ మీద వద్దు, పక్కన చిన్న బల్ల ఉంటుంది. చిప్స్ తిన్న వేళ్లతో టైల్స్ ముట్టుకోకండి, తడి టవల్ ఇచ్చేది అందుకే. సిగరెట్ భయం ఉంటే, 2020 ఏప్రిల్ నుంచి పార్లర్లలో పొగకి విడిగా గది ఉండాలన్న చట్టం వచ్చాక బాగా నయం.

మేనేజర్‌కి కావాలని ఓడిపోవాలా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. క్లయింట్లని గెలిపించే మాజాంగ్ ఒకప్పుడు ఇక్కడ బాగానే నడిచింది, దానికి సెత్తాయ్ మాజాంగ్ అని పేరు కూడా ఉంది. శనివారం స్నేహంగా పిలిచినవాళ్ల దగ్గర అది అనవసరం, పైగా ఆడేవాళ్లకి దొరికిపోతుంది. రోన్ వస్తే రోన్ చెప్పండి. సీట్లు మాత్రం మీరు ఎంచుకోకండి, ఆయన్ని కూడా "మీరిక్కడ కూర్చోండి సార్" అనకండి. గాలి టైల్స్ (తూర్పు, దక్షిణం లాంటి దిక్కులవి) బోర్లించి లాగితే ఎవరు ఎక్కడన్నది తేలుతుంది. మొదట్లో "యొరోషికు ఒనెగాయ్ షిమాసు", చివర్లో "అరిగాతో గొజాయ్‌మాషిత" అందరూ అంటారు, మీరూ అనండి.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి. పాయింటుకి ఇంతని పందెం కాయడం జపాన్ శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరమే, 5 లక్షల యెన్ల దాకా జరిమానా ఉంది. అయినా చాలాచోట్ల ఆడతారు. టోక్యో హై ప్రాసిక్యూటర్స్ ఆఫీసు అధిపతి అంతటివాడే 2020 మేలో, విలేకరులతో పందెం మాజాంగ్ ఆడిన సంగతి బయటపడి రాజీనామా చేశాడు. వీసా మీద ఉన్న మనకి ఆ తలనొప్పి ఎందుకు? "నో రేటా?" (పందెం లేకుండానేనా) అని పిలిచినవాళ్లని మామూలుగా అడగొచ్చు, ఎవరూ తప్పుగా తీసుకోరు. ఓడినవాళ్లు రాత్రి రామెన్ పెట్టించడం లాంటివి పట్టించుకోవాల్సినంత విషయం కాదు.

మీరు నలుగురూ కలిసి వెళుతున్నారు కాబట్టి టేబుల్‌కి గంటల లెక్కన అద్దె కట్టి, సమానంగా పంచుకుంటారు. ఒక్కో హాంచాన్‌కి, అంటే ఒక పూర్తి ఆటకి, దగ్గర దగ్గర గంట పడుతుంది, మొదలెట్టాక మధ్యలో లేవడం బాగోదు. త్వరగా ఇంటికెళ్లాల్సి ఉంటే కూర్చునేటప్పుడే చెప్పండి. తర్వాత ఎప్పుడైనా ఒంటరిగా వెళ్లి తెలియనివాళ్లతో కూర్చుంటే, ఇంకొక్క హాంచాన్ ఆడి లేస్తాననుకున్నప్పుడు "రాస్ హాన్" అని స్టాఫ్‌కి ముందే చెప్పాలి, వాళ్లు మీ సీట్లోకి వేరేవాళ్లని చూసుకుంటారు.