తెర మీద ఇల్లు చూసేటప్పుడు

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. ఇల్లు కొందామని రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నావని మీ నాన్న చెప్పాడు. కూర్చో, తప్పేం లేదు. వద్దనుకున్న ఇళ్ళను ఏరిపారేయడానికి ఇంటర్నెట్‌ను మించింది లేదు. నచ్చిందో లేదో మాత్రం గడప దాటాకే తేలుతుంది.

ఇళ్ళ ప్రకటనల సైటులో బడ్జెట్ ఫిల్టర్, అంటే ఇంత ధరలోపువే చూపించమనే గడి, నీ దగ్గరున్న దానికన్నా కాస్త పైకి పెట్టు. అక్కడ కనిపించేది అడిగే ధర, బేరం కుదిరేది వేరే ధరకి. మిగతా గడులు వీలైనన్ని ఖాళీగా వదిలెయ్. పార్కింగ్ దగ్గర టిక్కు పెట్టడం ప్రకటన వేసినవాళ్ళు మర్చిపోతే, పార్కింగున్న ఇల్లు కూడా నీకు కనపడకుండా పోతుంది.

ఫొటోల దగ్గర తొందరపడకు. వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే ఇరుకు గది కూడా హాలంత కనిపిస్తుంది. అంచున ఉన్న మంచమో ఫ్రిజ్జో పక్కకి సాగినట్టుంటే అది ఆ లెన్సు పనే. కొలతలున్న ప్లాన్ అడుగు. టేపు తీసుకుని ఇప్పుడు నువ్వుంటున్న గది కొలిచి పోల్చుకో. అసలు పెట్టిన ఫొటోలకన్నా పెట్టని వాటి గురించి ఆలోచించాలి. వంటింటివే నాలుగుండి బాత్రూముది ఒక్కటీ లేదంటే ఎందుకో అడుగు. పట్టపగలు కిటికీలన్నిటికీ కర్టెన్లు వేసి తీశారంటే బయట పక్కింటి గోడ ఉండొచ్చు. సీలింగు మూలలు జూమ్ చేసి చూడు. అక్కడొక్కచోటే రంగు కొత్తగా ఉందంటే చెమ్మ దాచారేమోనని నా అనుమానం.

చిరునామా దొరికితే మ్యాపులో శాటిలైట్ వ్యూ పెట్టు. వెనకున్న రైలుపట్టాలు ఎవరి ఫొటోల్లోనూ పడవు మరి! గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా ఉంటాయి. వెనక్కి జరుపుతూ పోతే ఆ స్థలంలో ఒకప్పుడు నీళ్ళు నిలిచేవేమో తెలియొచ్చు. వీధిలో నిలబడి చూసినట్టు చూపించే స్ట్రీట్ వ్యూ ఎప్పుడు తీసిందో అక్కడే రాసుంటుంది, చూసుకో. పాతదైతే అందులో కనిపించే ఖాళీ స్థలంలో ఈపాటికి ఏం లేచిందో! ఆఫీసుకెంతసేపో చూసేటప్పుడు నువ్వు బయల్దేరే టైమే పెట్టు.

మరీ చవగ్గా కనిపించిన దానికి ఫోన్ చేస్తే "అది నిన్ననే అయిపోయిందండీ, ఇంకోటుంది" అంటారు. అది ఎర. ఫొటోని బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో ఆ ఇంటి ఫొటో వేస్తే ఒక్కోసారి వేరే ఊరి ఇల్లని బయటపడుతుంది. ఓనరు విదేశాల్లో ఉన్నాడు, అడ్వాన్సు పంపితే తాళం కొరియర్ చేస్తాడంటే ఫోన్ పెట్టేసెయ్.

నచ్చినవాటి లింకు, చూసిన తేదీ, అడిగిన ధర ఒకచోట రాసుకో. అమ్ముడుపోని ఇల్లు కొన్నాళ్ళకి ధర తగ్గి, కొత్తదానిలా మళ్ళీ రావచ్చు. బేరానికి కూర్చునే ముందు ఆ కాగితం దగ్గర పెట్టుకో.

మీ పెదనాన్న